ఓటి డబ్బా

మా ఆఫీసులో ఇద్దరు గట్టయ్యలు. ఒకాయన అటెండరు, నోరు మూయడు. ఇంకొకాయన డ్రైవరు, నోరు తెరవడు. పేర్లు కలిసిపోతున్నాయని రెండో ఆయనకు నైట్రోజన్ గట్టయ్య అని పేరు పెట్టారు. నేను రాస్తున్నది ఈయన గురించి.

నా పేరు సరస్వతి. హనుమకొండలో పశువుల సంస్థ ఒకదానిలో స్టోరు చూస్తాను. మంచి జాతి దున్నల వీర్యం ఊళ్ళకు పంపే ఆఫీసు అని చెబితే చాలామంది మూతి దాచుకుని నవ్వుతారు. నవ్వుకోండి. పొద్దున మీరు తాగిన చాయ్‌లో పాలు అక్కడి నుంచే మొదలయ్యాయి. నాకు కోపం ఎక్కువని ఆఫీసులో పేరుంది. అబద్ధం కాదు. ముఖ్యంగా మాట కడుపులో పెట్టుకుని పక్కవాళ్ళను తిప్పలు పెట్టే మనుషులంటే నాకు ఒళ్ళు మండుతుంది. వాళ్ళల్లో గట్టయ్యది మొదటి వరస. అయినా ఆయన్ని తలుచుకుంటే కోపం సగంలోనే ఆగిపోతుంది, అదే నా బాధ.

ముందు ఆయన పనేమిటో చెప్పాలి. వీర్యాన్ని అగరుబత్తి పుల్లంత సన్నటి గొట్టాల్లో నింపి, ద్రవ నైట్రోజన్‌లో ముంచి ఉంచుతారు. సున్నాకు కింద నూట తొంభై ఆరు డిగ్రీల చలి. ఆ చలిలో మునిగి ఉన్నంతకాలం అది ఏళ్ళ తరబడి బతుకుతుంది. నైట్రోజన్ అయిపోయి గొట్టానికి వేడి తగిలిందా, చచ్చిపోతుంది. తర్వాత ఎంత నైట్రోజన్ పోసినా లేవదు. చూడ్డానికి మాత్రం బతికిన గొట్టం, చచ్చిన గొట్టం ఒకే తీరుగా ఉంటాయి. ఈ ఒక్క ముక్క గుర్తుంటే మిగతాదంతా మీకే అర్థమవుతుంది.

ఊళ్ళల్లో గోపాలమిత్రలని ఉంటారు. ఎవరి బర్రె ఎదకొచ్చినా ఫోన్ వాళ్ళకే. వాళ్ళు వెళ్ళి గొట్టాన్ని గోరువెచ్చని నీళ్ళల్లో కరిగించి బర్రెకు ఎక్కిస్తారు. ఊరివాళ్ళు దాన్ని సూది అంటారు. ప్రతి గోపాలమిత్ర దగ్గరా పాల క్యాను లాంటి అల్యూమినియం డబ్బా ఉంటుంది. అది నిజానికి రెండు డబ్బాలు, ఒకదానిలో ఒకటి, మధ్యలో గాలి కూడా లేని ఖాళీ. చలిని కాపాడేది ఆ ఖాళీయే. మూత బిగించకూడదు, ఆవిరి పోవాలి, లేకపోతే పేలుతుంది. కాబట్టి వాడినా వాడకపోయినా రోజూ కొంత పోతూనే ఉంటుంది. పోయినంత మళ్ళీ నింపుతూ వర్ధన్నపేట, నర్సంపేట, ములుగు రోడ్లన్నీ తిరగడం గట్టయ్య ఉద్యోగం.

అంతకుముందు ఆయన నైట్రోజన్ తయారుచేసే చోటే పనిచేశాడు. వరంగల్ పొలిమేరలో ఒక గ్యాసు ప్లాంటు ఉండేది, ఇప్పుడు మూతపడింది. ఒకరోజు మా ట్యాంకరు రావడం ఆలస్యమైతే, ఊరికే కూర్చోలేక ఆయన్ని అడిగాను, గాలిలోంచి దీన్ని ఎట్లా తీస్తారని. గట్టయ్య నాలుగు మాటలు కలిపి మాట్లాడే సంగతి లోకంలో అప్పటికి ఇదొక్కటే.

"గాలిని గుంజుతం మేడం. తేమ తీసేస్తం, దుమ్ము తీసేస్తం, బొగ్గుపులుసు గాలి తీసేస్తం. ఒత్తుడు, చల్లవెట్టుడు. మల్ల ఒత్తుడు, మల్ల చల్లవెట్టుడు. చేస్తాంటే చేస్తాంటే గాలి నీళ్ళయితది. దాన్ని మూడంతస్తులంత పొడుగు గొట్టంల ఇడుస్తం. అండ్ల నైట్రోజన్ ముందుగాల మసులుతది, పైకి పోతది. ఆక్సిజన్ ఆలస్యంగ మసులుతది, అడుగుననే ఉంటది. అయిపాయె. రెండు వేరు."

"రెండింట్లో దేనికి గిరాకీ?"

"ఆక్సిజన్‌కే. దవాఖానలకు, వెల్డింగులకు. కరోనప్పుడైతే గేటు కాడ జనం మీద జనం. నైట్రోజన్ ఎవలు అడగకపోతే పైపు పెట్టి మీదికి ఇడిసేటోళ్ళం."

మనం పీల్చే గాలిలో ముప్పావు వంతుకు పైగా అదే. అయినా దాన్ని ఎవరూ లెక్కచేయరు. మందుల కంపెనీల్లో ట్యాంకులకు నిప్పంటకుండా నింపేది అదే, చిప్స్ ప్యాకెట్ ఉబ్బి ఉండేదీ దానివల్లే. రామగుండంలో దాన్ని విపరీతమైన వేడిలో, ఒత్తిడిలో హైడ్రోజన్‌తో కలిపి అమ్మోనియా చేస్తారు, అమ్మోనియాతో యూరియా చేస్తారు. ఒక్కొక్క వానాకాలం ఆ యూరియా కోసం మా రైతులు తెల్లారకముందే లైను కడతారు. వాళ్ళ నెత్తి మీద ఉన్న గాలి నిండా అదే సరుకు, కానీ ఏం లాభం, వరి మొక్క దాన్ని ఉన్నది ఉన్నట్టు తాగలేదు. ఒక్క పెసర, జనుము లాంటి వాటి వేళ్ళకుండే బుడిపెల్లో కంటికి కనబడని పురుగులు మాత్రం ఏ చప్పుడూ లేకుండా ఆ పని చేసిపెడతాయి.

"దానికి ఎవలతోని కలవబుద్ధి కాదు మేడం. గుణమే అంత," అన్నాడు గట్టయ్య.

ఇక్కడ ఎవరైనా ఆయన తన గురించే చెప్పుకున్నాడని రాస్తారు. నేను రాయను. మనిషిని గ్యాసుతో పోల్చడం నాకు నచ్చదు. గట్టయ్యకు మనుషులతో కలవబుద్ధి కాకపోవడం కాదు, కలవడానికి ఆయనకు ఒక సాకు కావాలి. అంతే తేడా, కానీ ఆ తేడా వల్లే ఇంత జరిగింది.

ఆయన భార్య చనిపోయి చాలా ఏళ్ళయింది. కామెర్లు. పిల్లలు లేరు. అన్నదమ్ములు వర్ధన్నపేట దగ్గర ఊళ్ళో ఉన్నారు, పెళ్ళికో చావుకో కబురు చేస్తారు. కరీమాబాద్‌లో ఒక గది అద్దెకు తీసుకుని ఉంటాడు. ఉద్యోగం చూస్తే జిల్లా అంతా తిరిగేదే, కానీ ఎక్కడా పది నిమిషాలకు మించి ఉండేది కాదు. బండి ఆపుతాడు, డబ్బాలో పుల్ల పెట్టి తీస్తాడు, పుల్ల మీద తెల్లటి మంచు ఎంతవరకు పట్టిందో చూస్తాడు, పోస్తాడు, సంతకం తీసుకుంటాడు. అక్కడి మనిషి ఆ పది నిమిషాలూ ఫోన్‌లోనే ఉంటాడు. "అయిందా అన్నా? సరే అన్నా." మళ్ళీ బండి.

సోమవారం పొద్దున ఆయన గొంతు బొంగురుగా వచ్చేది. జలుబనుకుని ఒకసారి మిరియాల కషాయం తాగమన్నాను.

"జలుబు కాదు మేడం. శనివారం సంది ఎవలతోని మాట్లాడలే. గందుకే అట్లొస్తది. జరసేపైతే అదే సర్దుకుంటది," అన్నాడు, అదేదో బండి స్టార్టింగ్ ట్రబుల్ గురించి చెప్పినట్టు.

ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. నేనూ ఒంటరిదాన్నే. కానీ నాకు ఆదివారం తిట్టడానికి కనీసం ఇంటి ఓనరున్నాడు.

ములుగు దాటాక అడవిలో ఒక ఊరు ఉంది. పేరు చెప్పను, చెబితే ఆ ఊరివాళ్ళు నా మీదికి వస్తారు. గట్టయ్య రూట్లో అదే ఆఖరిది. అక్కడి గోపాలమిత్ర వినోద. మొదట ఆమె భర్త ఆ పని చేసేవాడు. ఆయన జ్వరంతో పోయాక వినోద శిక్షణ తీసుకుని అదే పనిలోకి దిగింది. ఆడమనిషి బర్రెకు సూది వేయడమేమిటని మొదట్లో ఊరు గొణిగింది. వరసగా దుడ్డెలు పుడుతుంటే గొణుగుడు మానేసింది. ఆమెకూ ఎవరూ లేరు. పక్కింటి మల్లక్క ఒక్కతే తోడు. మల్లక్క ముసలిది. ఒక బర్రె ఉంది, ఆ బర్రె పాలే ఆమె బతుకు.

రూటంతా గట్టయ్యను అన్నా అని పిలుస్తుంది. మా దగ్గర అన్నా అంటే మర్యాద, ప్రేమ, ఇంకా ఒక గోడ కూడా. వినోద మాత్రం ఎప్పుడూ అన్నా అనలేదు. "నైట్రోజన్ సారు" అనేది. ఈ సంగతి గట్టయ్య నాకు వేరే వేరే మాటల మధ్య చాలాసార్లు చెప్పాడు, ప్రతిసారీ కొత్తగా చెబుతున్నట్టు.

ఇంకో సంగతి కూడా చెప్పాడు. ఆమె బండి చప్పుడు వినగానే చాయ్ పెట్టేది. గ్లాసు చేతికిచ్చి, "పొద్దుగాల ఏం తిన్నవ్?" అని అడిగేది. మీకూ నాకూ అదొక ప్రశ్నే కాదు. గట్టయ్యను ఆ మాట అడిగే మనిషి ఆ జిల్లాల్లో ఇంకెవరూ లేరు. ఆయన దానికి నిజమే చెప్పేవాడు, రాత్రి అన్నమే తిన్నానని. ఆమె లోపలికి వెళ్ళి రొట్టె ముక్కో, ఉడకబెట్టిన గెనుసుగడ్డో తెచ్చేది. కానీ ఒకసారి నింపితే డబ్బా నెలా పదిహేను రోజులు ఆగుతుంది. అంటే నెలన్నరకొకసారి ఆ ప్రశ్న.

ఒక వానాకాలం ఆయన అక్కడికి వెళ్ళేసరికి డబ్బా భుజాల మీద చెమట పట్టి ఉంది. మెడ చుట్టూ తెల్లటి మంచు. రెండు గోడల మధ్య ఉన్న ఖాళీలోకి గాలి చొరబడిందని దానికి అర్థం. డబ్బా ఓటిపోయింది. అట్లాంటి దాన్ని వెంటనే వెనక్కి తెచ్చి స్టోరులో ఇచ్చి, వేరే డబ్బా తీసుకెళ్ళాలి. అప్పుడు నా స్టోరులో మంచి డబ్బాలు ఉన్నాయి.

గట్టయ్య ఆ మాట చెప్పడానికే నోరు తెరిచాడట. "ఈ డబ్బా జర ఎక్కువ తాగుతాంది" అన్నాడట.

వినోద నవ్వింది. "ఊరంత తాగుబోతులే, నా డబ్బా సుత గంతేనా?"

"ఆమె నవ్వింది మేడం. ఇగ మిగిలింది చెప్పలే. వారం వారం వచ్చి పోస్త అని చెప్పిన," అని తర్వాత నాతో అన్నాడు.

ఆమె సరేనంది. డబ్బాల సంగతి ఆయనకు తెలిసినంత ఆమెకు తెలియదు. కొన్ని డబ్బాలు ఎక్కువ తాగుతాయి కాబోలు అనుకుంది. నాకేమో, "అటు సూదులు పెరిగినయ్ మేడం, ఆగుతలేదు" అని చెప్పాడు. నేను నమ్మాను. సూదులు పెరిగితే సంతోషమే కదా. అప్పటి నుంచి ప్రతి సోమవారం ఆయన బండి ఆ అడవి ఊరికి వెళ్ళింది. బొంగురు గొంతుతో బయల్దేరి మామూలు గొంతుతో తిరిగొచ్చేవాడు. వాళ్ళేం మాట్లాడుకునేవారో తర్వాత అడిగాను. ఎలుగుబంటి ఎవరి చేనులోకి వచ్చింది, ఎవరి బర్రె ఈనింది, ఈ మాటలే. ఒకరోజు వాన తగ్గేదాకా ఆమె గడప మీద, ఈయన అరుగు మీద ఏమీ మాట్లాడకుండా కూర్చున్నారట. దాన్ని ఆయన జీవితంలో పెద్ద సంఘటనలా చెప్పాడు.

చలికాలమంతా అట్లాగే గడిచింది. డబ్బా మాత్రం ఇంకా పాడవుతూ వచ్చింది. తర్వాత జాతర వచ్చింది.

మేడారం జాతర వస్తే ములుగు రోడ్డు మనది కాదు. బస్సులు, కార్లు, ట్రాక్టర్లు, నడిచేవాళ్ళు. పోలీసులు సరుకు బండ్లను ఆపేస్తారు. గట్టయ్య సోమవారం బయల్దేరాడు, ములుగు ఇవతలే ఆపేశారు. నైట్రోజన్ అన్నాడు, పశువులన్నాడు. ఆ జనంలో ఎవరు వింటారు? వినోదకు ఫోన్ చేస్తే కలవలేదు, అన్ని లక్షల మందీ ఫోన్లు చేస్తుంటే టవర్లు ఏం చేస్తాయి. మర్నాడు మళ్ళీ వెళ్ళాడు, మళ్ళీ ఆపేశారు. ఆ మర్నాడూ అంతే. మూడు రోజులు ఎండలో బండి పక్కన నిలబడి, జాతరకు పోయే ప్రతి మనిషినీ చూస్తూ ఉన్నాడు.

అవతల వినోద తన ఊరివాళ్ళతో కలిసి, బంగారమని పిలిచే మొక్కుబడి బెల్లం ఎత్తుకుని అమ్మవార్ల దగ్గరికి వెళ్ళింది. పోయేముందు పుల్ల పెట్టి చూసింది. అడుగున కొంచెం ఉంది. నైట్రోజన్ సారు సోమవారం తప్పకుండా వస్తాడని, తాళం మల్లక్కకిచ్చి వెళ్ళింది.

దారి వదిలాక గట్టయ్య చేరేసరికి ఊళ్ళో మల్లక్క తప్ప పెద్దగా ఎవరూ లేరు. తలుపు తీసింది. ఆయన డబ్బాలో పుల్ల ముంచి తీశాడు. గాలిలో ఊపాడు. మంచు పట్టలేదు. మళ్ళీ ముంచాడు. మళ్ళీ పొడిగానే వచ్చింది. మూత దగ్గర ఆవిరి కూడా లేదు.

ఇప్పుడు ఆయన చేయాల్సింది చాలా చిన్న పని. లోపలున్న గొట్టాలన్నీ పారేయాలి. నాకు ఫోన్ చేసి, డబ్బా ఎండిపోయింది మేడం, వేరేది కావాలి అనాలి. నేను తిట్టేదాన్ని, పంపేదాన్ని. కానీ కొత్త డబ్బా వస్తే నెలన్నర ఆగుతుంది. సోమవారాలు పోతాయి.

గట్టయ్య ఆ డబ్బాలోనే నైట్రోజన్ పోశాడు. వెచ్చబడ్డ డబ్బాలో పోస్తే అది ఊరుకోదు, సలసల మరిగి గదంతా తెల్లటి పొగ కమ్మింది. మల్లక్క భయపడి వెనక్కి జరిగింది.

"ఏందయ్యా గంత పొగ?"

"ఏం లేదవ్వా. గట్లనే ఉంటది."

నాతో చెప్పినప్పుడు, "అడుగున ఇంక జర చల్ల ఉండె మేడం, బతికే ఉంటయనుకున్న" అన్నాడు. అనుకోలేదు. ఆశపడ్డాడు. ఆ రెండూ ఒకటి కావని ప్లాంటులో అన్నేళ్ళు పనిచేసిన మనిషికి నేను చెప్పాలా?

వినోద జాతర నుంచి వచ్చింది. డబ్బా నిండుగా ఉంది. ఆ నెలలో ఎదకొచ్చిన బర్రెలన్నిటికీ ఆ గొట్టాలతోనే సూదులు వేసింది, మల్లక్క బర్రెకు కూడా. మూడు వారాలు తిరిగేసరికి బర్రెలన్నీ మళ్ళీ ఎదకొచ్చి అరవడం మొదలుపెట్టాయి. ఒక్కటీ కట్టలేదు, అంటే ఒక్కదానికీ చూలు నిలవలేదు. ఎండలు ముదిరితే బర్రె ఎదకు రాదు, వచ్చినా తెలియదు. మళ్ళీ వానలు పడేదాకా ఆగాలి. మల్లక్కకు అదంటే ఏమిటో చెప్పనక్కర్లేదు. ఆ బర్రె అప్పటికే వట్టిపోతోంది. ఇప్పుడు కట్టకపోతే ఈనేది ఎప్పుడు, ఆ ముసల్ది తినేది ఏమిటి?

ఊరు నుంచి ఆఫీసుకు ఫోన్ వచ్చింది. ఆడామె చేతి సూది కడతలేదు, మగమనిషిని పంపండి అని.

మా ఆఫీసు పశువుల డాక్టరు గారూ నేనూ బయల్దేరాం. బండి నడిపింది గట్టయ్యే.  

వినోద ఇంటి ముందు జనం చేరారు. ఆమె గడప మీద నిలబడి ఉంది. ఒకాయన గొంతు పెంచాడు. "మొగడున్నప్పుడు ఒక్క బర్రె తప్పలే సార్. ఆయన చేతి గుణం అది. ఈమెకు రాదు, మాకు తెలుసు."

"పోయినేడు మీ బర్రె కట్టింది ఏ చేత్తోని?" అంది వినోద.  "నిరుడు అక్కెరకొచ్చిన చెయ్యి ఇయ్యాల పనికి రాలేదా?"

మల్లక్క పక్క వాకిట్లో ఉంది. తన బర్రె పక్కన నిలబడి వినోద వైపు చూస్తూ ఉంది. ఆ చూపు వినోదకు ఆ మగాళ్ళందరి మాటల కంటే ఎక్కువ నొప్పి పెట్టి ఉంటుంది.

డాక్టరు గారు అడిగారు, డబ్బా ఎప్పుడైనా ఎండిందా అని.

"ఎండలే సార్. ఒక్కనాడు ఎండనియ్యలే. వారం వారం సారు వచ్చి పోస్తనే ఉన్నడు, అడుగుండ్రి," అని ఆమె గట్టయ్యను చూపించింది.

అందరూ బండి వైపు తిరిగారు. గట్టయ్య బండికి ఆనుకుని నిలబడి ఉన్నాడు. ఆ క్షణంలో ఆయన మౌనంగా ఊరుకుంటే అడిగేవాళ్ళు లేరు. వినోదను తీసేస్తారు, ఆయన ఉద్యోగం ఆయనకుంటుంది.

"ఎండింది సార్," అన్నాడు. "జాతరకు. నేనొచ్చేసరికి పుల్ల పొడిగనే వచ్చింది. చెప్పకుంట నింపిన. ఆమెకు తెల్వదు. ఆమె చేతిల తప్పు లేదు. డబ్బా వానకాలం సందే ఓటిది. అది సుత నేనే చెప్పలే."

నేను లోపలికి వెళ్ళి డబ్బా మెడ మీద చెయ్యి పెట్టాను. మంచు చేతికంటుకుంది. స్టోరు చూసేదాన్ని, ఒక్కసారి వచ్చి ముట్టుకుని ఉంటే తెలిసిపోయేది. నాకు గట్టయ్య చెంప పగలగొట్టాలనిపించింది, ఉన్నమాటే రాస్తున్నాను. డాక్టరు గారు ఊరి ముందే ఆయన్ని కడిగేశారు. ఎందుకు చెప్పలేదయ్యా అని మళ్ళీ మళ్ళీ అడిగారు. ఆయన తలొంచుకునే ఉన్నాడు. కారణం అక్కడ ఒక్క మనిషికి అర్థమైంది.

మేం బండెక్కాక వినోద డ్రైవరు కిటికీ దగ్గరికి వచ్చింది. నేను పక్క సీట్లోనే ఉన్నాను. నన్ను లెక్కచెయ్యలేదు.

"రాబుద్ధయితే రావొద్దా?" అంది. కళ్ళల్లో నీళ్ళు, గొంతులో నిప్పు. "ఓటి డబ్బా కావాల్నా నీకు? ఎన్నడన్న నువ్వు డబ్బా నింపినంక చాయ్ ఇచ్చిన్నా? దిగంగనే ఇయ్యలే? బర్రెల ఉసురెందుకు పోసుకున్నవ్?"

గట్టయ్య స్టీరింగ్ వైపే చూశాడు.  ఆమె వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది.

ఉద్యోగం పోలేదు. ఆ జీతానికి నైట్రోజన్ మోసేవాళ్ళు ఇంకొకరు దొరక్క, గట్టి హెచ్చరికతో వదిలేశారు. వినోదకు మంచి డబ్బా వెళ్ళింది, నేనే ఏరి పంపాను. ఊరు సిగ్గుపడి మళ్ళీ ఆమెకే ఫోన్లు చేసింది. వానలు పడ్డాక మల్లక్క బర్రె మళ్ళీ ఎదకొచ్చింది, ఈసారి కట్టింది. కానీ అప్పటిదాకా ముసల్ది ఎట్లా నెట్టుకొచ్చిందో ఎవరూ అడగలేదు. వినోద మాత్రం తన కూడులో సగం పెట్టింది.

గట్టయ్య మళ్ళీ నెలన్నరకొకసారి వెళ్ళడం మొదలుపెట్టాడు. ఆమె చాయ్ ఇచ్చేది. ఏం తిన్నవ్ అని అడిగేది కాదు. సంతకం పెట్టి లోపలికి వెళ్ళిపోయేది. సోమవారాలు ఆయన గొంతు మళ్ళీ బొంగురుగా వచ్చింది, ఈసారి మధ్యాహ్నం దాకా సర్దుకునేది కాదు. ఒక్కోసారి ఆఫీసు వరండాలో కూర్చుని, ట్యాంకు పైపు మూతి దగ్గర లేచే తెల్లటి ఆవిరిని చూస్తూ ఉండేవాడు. నేను పక్క నుంచి పోతున్నా తెలిసేది కాదు.

ఒకరోజు నాకు ఓపిక అయిపోయింది.

"ఆదివారం ఏం చేస్తున్నావయ్యా?"

"ఏం లేదు మేడం. ఇంట్లనే."

"ములుగుకు బస్సులు లేవా? పోరాదూ?"

ఆయన చాలాసేపు ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు, లెక్క తప్పిన పిల్లాడిలా.

"ఏమని పోవాలె మేడం? డబ్బా నిండుగున్నది కదా," అన్నాడు.

నేను లేచి లోపలికి వెళ్ళిపోయాను. కోపంతో కాదు. ఏడుపొచ్చింది, ఆయన ముందు ఏడవడం ఇష్టం లేక.

ఆ తర్వాత జరిగింది గట్టయ్య నాకు చెప్పలేదు. ఈమధ్య స్టాకు చూడ్డానికి వెళ్ళినప్పుడు మల్లక్క చెప్పింది.

చలి బాగా ముదిరిన రోజుల్లో, ఒక ఆదివారం పొద్దున ఊళ్ళోకి వచ్చిన జీపులోంచి గట్టయ్య దిగాడట. బండి లేదు, క్యాను లేదు, పుల్ల లేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు నడిచి వచ్చాడట. వినోద ఇంటికి తాళం. పక్క గూడెంలో ఎవరిదో బర్రె ఎదకొస్తే పోయింది. మల్లక్క అరుగు మీద కూర్చుని ఎండ కాగుతోంది. అటూ ఇటూ నలుగురు చలి కాగుతూ ఉన్నారు. ఆయన మీద మల్లక్కకు కోపం ఇంకా చల్లారలేదు.

"ఏమొచ్చినవ్? డబ్బా నింపనీకా? మొన్ననే గద నింపిపోయినవ్," అంది.

"కాదవ్వా."

"మరి?"

ఆయన గొంతు పెగల్లేదట. ఆదివారం కదా, అప్పటికి ఎవరితోనూ మాట్లాడి ఉండడు. దగ్గాడు. మళ్ళీ దగ్గాడు. చలి కాగుతున్నవాళ్ళు కూడా ఇటు తిరిగి చూస్తున్నారు.

"వినోదను చూడనీకొచ్చిన," అన్నాడు.

మల్లక్క ఆయన్ని పైనుంచి కిందిదాకా చూసింది. తర్వాత పక్కకు జరిగి అరుగు మీద చోటిచ్చింది.

"గీ ముక్క అప్పుడే అనుంటే," అంది, "నా బర్రె ఈ పాటికి ఈనేది గదయ్యా."